నక్క తెచ్చిన హుకుం

ఎండాకాలం వచ్చిందంటే వాగు ఎండిపోయి, ఆ అడవి మొత్తానికి ఒక్క చెలమలోనే నీళ్లు. దాని పక్కన కాపురముండే హక్కు మాత్రం ఏనుగు మాస్టారి పరీక్షలో మొదట వచ్చినవాళ్లదే. నలభై రోజుల చదువు, అందులో ముప్పై రోజులు వస్తేనే పరీక్షకు రానిస్తారు. పొద్దున్నే వాగొడ్డున తడి బంకమట్టిలో కాలు నొక్కితే హాజరు పడ్డట్టు. మధ్యాహ్నానికి మట్టి గట్టిపడిపోయేది, ఆ తర్వాత దిద్దడానికి లేదు. ఆ గుర్తులు లెక్కపెట్టేది తాబేలు గుమాస్తా.

నక్క ఎప్పుడూ ముందు వరసలోనే. ఏం లాభం! "నీళ్లెక్కడ పడతాయిరా?" అని మాస్టారు అడిగితే నోరెళ్లబెట్టేది. వెనకనించి కుందేలు, "నేరేడు చెట్టు పక్కన పుట్ట ఉంటే అక్కడ తవ్వాలండీ" అని టక్కున చెప్పేది. అప్పుడు చూడాలి నక్క మొహం. కడుపు మండిపోయేదనుకోండి.

ఇంతలో కుందేలు తల్లి ఉచ్చులో పడి కాలు విరగ్గొట్టుకుంది. పది రోజులు కుందేలు బడికి రాలేదు. ముప్పయ్యో రోజున తాబేలు లెక్క చదివింది.

"నక్క, ఇరవై ఎనిమిది. కుందేలు, ఇరవై."

కుందేలుకు ఏడుపొచ్చేసింది. "మాస్టారూ, మా అమ్మ ఇంక నడవలేదండీ. చెలమ పక్కన చోటు దొరక్కపోతే వచ్చే ఎండలకి బతకదు."

"మిగిలిన పది రోజులూ రా తల్లీ, సరిగ్గా ముప్పై అవుతాయి. ఇంట్లో కష్టమొచ్చి ఒకటీ రెండూ తగ్గినా నేను మాఫీ చేస్తాలే" అన్నాడు మాస్టారు.

ఆ మాటతో నక్క ఒళ్లు భగ్గుమంది. బయటికి రాగానే తాబేలును పట్టుకుంది.

"ఏం గుమాస్తా బావా, ఇదేం న్యాయం? రోజూ వచ్చే నాకూ, ఇంట్లో కూర్చున్నదానికీ ఒకటే పరీక్షా?"

"దాని తల్లికి బాగాలేదు కదయ్యా."

"అందరికీ తల్లులున్నారు! సింహం దొర దగ్గరికే వెళ్తా. ఎవరికీ, ఏ కారణానికీ మాఫీ లేదని హుకుం రాయించుకొస్తా."

"దొర గుహకి మూడు రోజుల నడక. నీ హాజరు సంగతి చూసుకో ముందు."

"నాకింకా రెండు రోజులు చాలు. పోను మూడు, రాను మూడు, ఇంకా నాలుగు మిగల్లా? నాకే లెక్కలు చెప్తున్నావా!"

లెక్క తప్పేం కాదు. కాకపోతే నక్క వెళ్లేసరికి దొర దున్నపోతును తిని పడుకున్నాడు. రెండు రోజులు గురక వింటూ గుమ్మంలోనే కూర్చుంది. మూడోరోజు లేచాడు గానీ, ఒళ్లు విరుచుకుని హుకుం మీద గోటిగుర్తు వేసేసరికి సాయంత్రమైంది. అప్పటికైనా నక్క తన రోజులు లెక్కపెట్టుకుందా? దారిపొడుగునా కుందేలు ఏడుపు మొహాన్నే తలుచుకుని మురిసిపోయింది.

నలభయ్యో రోజు పొద్దున ఒగురుస్తూ వచ్చి మట్టిలో కాలు నొక్కి, హుకుం మాస్టారి ముందు పడేసింది. "చదవండి, అందరికీ వినపడేలా చదవండి!"

మాస్టారు చదివాడు. "ముప్పైకి ఒక్కటి తగ్గినా, ఎవరికైనా, ఏ కారణానికైనా మాఫీ లేదు. సరే. తాబేలూ, లెక్క?"

"కుందేలు, ఈ పది రోజులూ వచ్చింది. ముప్పై." తాబేలు గొంతు సవరించుకుంది. "నక్క, ఇరవై తొమ్మిది."

"అదేంటి! నాకు రెండే కదా కావలసింది!"

"వచ్చింది ఇవాళ ఒక్కరోజే కదయ్యా."

నక్క మాస్టారి కాళ్ల మీద పడింది. "మాస్టారూ, ఒక్కటేనండీ... మీరు మాఫీ చేస్తానన్నారు కదండీ..."

"నిన్నటిదాకా చేసేవాణ్ణే నాయనా."

కుందేలుకు జాలేసింది. "పోనీయండి మాస్టారూ, మా నక్కన్నని కూడా రాయనివ్వండి. ఒక్కరోజేగా."

మాస్టారు గోటిగుర్తు చూపించాడు. "దొర మాట నేను కాదనలేనమ్మా. మీ అన్న అంత దూరం నడిచి తెచ్చుకున్నాడు పాపం."

పరీక్షలో కుందేలే మొదట వచ్చింది. ఆ వేసవిలో దాని తల్లి చెలమ పక్కన నీడలో కాలు చాపుకు కూర్చుంది. నక్క అవతలి గట్టున తన వంతు కోసం వరసలో చివర నిలబడింది.

పక్కవాడి రోజులు లెక్కపెడుతూ కూర్చుంటే మన రోజులు మనకు తెలియకుండానే అయిపోతాయి.