మోడు మీద జానెడు చోటు

"దిగవే మసిదానా! నీ నలుపు మోడుకి అంటుకుంటది."

"ఇన్నాళ్లూ మీ తెలుపు అంటుకోలేదుగా. నా నలుపే అంటుకుంటదా?"

అనగనగా ఒక అడవి, ఆ అడవిలో ఒక మడుగు. రోజూ పొద్దున్నే అక్కడ ఈ తగువే. తిట్టేది ముత్తెమ్మ అనే తెల్లకొంగ. తిరగబడేది ఓబులమ్మ అనే నీటికాకి. కొంగలేవీ ఓబులమ్మని పేరు పెట్టి పిలిచేవి కావు.

మడుగు మధ్యలో ఎండిపోయిన చెట్టు మోడు ఒకటి ఉంది. తగువంతా దాని గురించే. నీటికాకి మునిగి చేపని పడుతుంది. పైకొచ్చేసరికి రెక్కలు తడిసి ముద్దవుతాయి. వాటిని చాపి ఎండలో ఆరబెట్టుకోకపోతే సరిగా ఎగరలేదు. మోడు మీదైతే నక్కకి అందదు. కానీ కొంగలు ఎక్కనిస్తేగా! నీటికాకులు బురదగట్టు మీదే ఆరబెట్టుకునేవి. నక్క తిరిగేదీ ఆ గట్టు మీదే. ఓబులమ్మ ఇద్దరు పిల్లలూ అక్కడే పోయారు.

ఆవిడ ఏడుస్తూ కూర్చోలేదు. మిగతావాళ్ల పిల్లల్ని చుట్టూ పోగేసి కథ చెప్పేది. మోడు దాకా వినపడేలా గట్టిగా చెప్పేది. సగంలో ఆపేసి ఒక మాట అడిగేది. అది ఆవిడ అలవాటు.

"ఒక చెరువులో వెండిచేపలూ నల్లచేపలూ ఉండేవి. ఎండలకి నీళ్లు ఇంకిపోయాయి. లోతు గుంట ఒక్కటే మిగిలింది. వెండిచేపలు అందులో దూరి, నల్లవాటికి చోటు లేదు పొమ్మన్నాయి. మీరైతే ఏం చేస్తారర్రా?"

మోడు మీద ముత్తెమ్మ కూతురు పూస ఈ కథ వింది.

"అమ్మా, మనం వెండిచేపలమా?"

"చేపేంటే? కొంగవి నువ్వు. తిను."

మర్నాడు మళ్లీ అడిగింది. "అమ్మా, ఆ గుంట అంటే మన మోడేనా?"

"గుంట గుంటే. నోరు ముయ్యి."

మూడోనాడు ఇంకా దగ్గరికొచ్చి అడిగింది. "అమ్మా, నల్లగా ఉంటే ఏమవుద్ది?"

ముత్తెమ్మకి జవాబు తెలీదు. వాళ్లమ్మని తనెప్పుడూ అడగలేదు. తెలీదని చెప్పొచ్చుగా? చెప్పలేదు. ముక్కుతో ఒక్కటి పొడిచింది.

"ఇంకోసారి ఆ మసిదాని కథ ఎత్తావంటే తోసేస్తా."

 సాయంత్రం వాన పడుతుంటే పూస చప్పుడు లేకుండా గట్టుకి ఎగిరింది.

"అవ్వా, నేనైతే జరిగి చోటిస్తా," అంది.

"ఆ మాట నాకు కాదమ్మా, మీ అమ్మకి చెప్పు. పో, చీకటి పడుతోంది."

అమ్మకి చెప్పాలన్న సంబరంలో పూస పరిగెత్తింది. కాలు జారి నల్లటి బురదలో తల మునిగేదాకా దిగబడింది. కొట్టుకుని కొట్టుకుని బయటపడింది. బరువు రెక్కలతోనే మోడు దాకా ఎగిరింది.

"అమ్మా, జరుగు! అమ్మా!"

ముత్తెమ్మకి నలుపే కనిపించింది. ఏ పిల్లయినా అమ్మా అనే అంటుంది అనుకుంది.

"ఓసి నల్ల పీనుగా, నీక్కూడా మోడు కావాలటే!" అని పొడిచింది. పక్క కొంగలూ పొడిచాయి. పిల్ల నీళ్లలో పడింది. బురద కరిగిపోయింది. తెల్లటి ఈకలు బయటపడ్డాయి.

అప్పుడు చూసింది ముత్తెమ్మ. పిల్ల ఈకలు తడిసి, గట్టు వైపు కొట్టుకుపోతోంది. గట్టు ఆ చివర నక్క నిలబడి ఉంది. కొంగకి ఈత రాదు.

"ఓబులమ్మా! నా పిల్లనే! పట్టుకోవే ఓబులమ్మా!"

పేరు అప్పుడు గుర్తొచ్చింది. ఓబులమ్మ లేచింది. పొద్దుటి నుంచి ఎండ లేదు, ఆరబెట్టుకునే చోటు లేదు. తడి రెక్కలు లేవలేదు. కాళ్లతోనే పరిగెత్తింది. నక్క ముందే అందుకుంది.

తెల్లారింది. ముత్తెమ్మ మోడు మీద జానెడు పక్కకి జరిగింది. ఓబులమ్మ ఎక్కి రెక్కలు చాపింది. ఆ రోజు తగువు లేదు.

ఆ జానెడు చోటుకి వెలగా ఓబులమ్మ కట్టింది ఇద్దరు పిల్లల్ని. ముత్తెమ్మ కట్టింది ఒక్కదాన్ని. ఉన్నదే ఒక్కతి.

నీతి: పిల్లలు కథలోంచి ఒక మాట తెచ్చి అడిగితే, జవాబు రాకపోయినా కూర్చుని మాట్లాడాలి. పొడిస్తే ఆ మాట పోదు, పిల్ల పోతుంది.