గవర్రాజు నొక్కిన ‘సరే’

అనగనగా అంటే మరీ పాతకాలం కాదర్రా, మొన్నమొన్నటి సంగతే. కాకినాడలో ఒక ఆఫీసు. అందులో నూకరత్నం అని, చేపలవేటకెళ్ళేవాళ్ళింటి కోడలు పనిచేసేది. ఏం పనంటే, సముద్రంలో వాయుగుండం పుడితే పడవల్లో బిగించిన పెట్టెలకి కబురందే ప్రోగ్రాం రాయడం.

అందరూ రాసిందంతా ఒక్కచోట దాచడానికి ఒక సాఫ్ట్‌వేర్ ఉండేది. బాగానే దాచేది గానీ, దానికొక జబ్బు. పేరు మారిస్తే ‘సరేనా?’ అనేది, చుక్క పెడితే ‘సరేనా?’ అనేది, చుక్క తీస్తే ‘సరేనా?’ అనేది. ఆఫీసువాళ్ళు చూడకుండానే ‘సరే’ నొక్కేసేవాళ్ళు. ఊ కొడుతున్నారా? ఆఁ.

ఒకరోజు పక్కసీటు గవర్రాజు తన దగ్గరున్న పాత ప్రతిని తెచ్చి అందరిదాని మీద పెట్టేశాడు. అప్పుడూ అది ‘సరేనా?’ అనే అడిగింది. నొక్కేశాడు. నూకరత్నం ఆరు వారాలు రాసింది తుడిచిపెట్టుకుపోయింది. ఆమె కంప్యూటర్ కూడా అలవాటుగా ఆ పాతదాన్నే తెచ్చేసుకుంది.

ఆ మధ్యాహ్నమే వాయుగుండం వార్త. ఆ పోయిన పని లేందే పడవలకి కబురెళ్ళదు. ఆమె మావగారు రెండు రోజులుగా సముద్రం మీదున్నాడు.

మేనేజరు గవర్రాజుని ఇంక రావద్దన్నాడు. నూకరత్నం మాత్రం అతన్ని తిట్టలేదు. ఆలోచించింది. అదే ఆఫీసులో పనిచేసే జ్యోతిర్మయి అనే పిల్ల పురిటికి తుని వెళ్ళి పదిరోజులైంది, ఆమె లాప్‌టాప్ అప్పట్నుంచీ మూసే ఉంది. అందులో పదిరోజుల కిందటిదాకా రాసిందంతా ఉంటుంది! గవర్రాజుని వెంటబెట్టుకుని బస్సెక్కింది. ఆ బాలింత పసిదాన్ని ఒళ్ళో పెట్టుకునే లాప్‌టాప్ తెరిచి ఇచ్చింది. మిగిలిన పదిరోజుల పనీ ఇద్దరూ కూర్చుని మళ్ళీ రాశారు. మర్నాటికి కబుర్లు వెళ్ళాయి, పడవలన్నీ వెనక్కి తిరిగాయి. మావగారు ఒడ్డు దిగి వలబుట్ట చేతికిస్తే, ఆమె దాన్ని అందుకుని ఆయన వెంట ఇంటికి నడిచింది.

తర్వాత మేనేజరు దగ్గరికెళ్ళింది.

“గవర్రాజు చదవలేదండి, నిజమే. కానీ ప్రతిదానికీ ఒకేలా అడిగితే ఎవరు చదువుతారండి?” అంది.

ఆయన గవర్రాజుని ఉండమన్నాడు. ఆ సాఫ్ట్‌వేర్‌ని మార్చే పని కూడా అతనికే ఇచ్చాడు. గవర్రాజు చిన్నవాటికి అడగడం మాన్పించేశాడు. తప్పైతే వెనక్కి తీసుకోవచ్చుగా మరి. ఇంకొకరి పని పోయేచోట మాత్రం ఆపి అడిగేలా పెట్టాడు. కొత్తగా చేరిన సుభాషిణి ఓసారి అలాంటిదే చెయ్యబోతే తెరమీద ఇలా వచ్చింది: ‘దీనివల్ల నూకరత్నం గారి పద్దెనిమిది రోజుల పని పోతుంది. మళ్ళీ రాదు. ఆవిణ్ణి అడిగారా?’

సుభాషిణి చెయ్యి తీసేసి, లేచి వెళ్ళి అడిగింది.

అంతేనర్రా. అస్తమానం హెచ్చరిస్తే ఎవరూ వినరు. పోతే రానిదాని దగ్గర మాత్రం, ఏం పోతుందో, ఎవరిది పోతుందో చెప్పి ఆపాలి.

కథ కంచి దారి పట్టింది, మీరు దుప్పట్లో దూరండి.