కొంగుముడిలో ఆవకాయ

"రోగం తగ్గాలంటారు, నోరు మాత్రం కట్టుకోరు. ఇలాంటివాళ్లకు మందెందుకు గురువుగారూ?" అని అడిగాడు చిదంబరం. పథ్యం గురించి చెప్పడంలో అతన్ని మించినవాడు ఆ వైద్యశాలలో లేడు. తన విస్తట్లోకి మాత్రం నెయ్యి రెండోసారి రాకపోతే అలిగేవాడు.

అతని అరచేతిలో కాగితం మడతా, అందులో ఎండిపోయిన ఆవకాయ ముక్కా ఉన్నాయి. సన్యాసమ్మ కొంగుముడి విప్పినప్పుడు కిందపడితే దొంగను పట్టినట్టు పట్టాడు. ఆవిడకు షుగరు, బీపీ, కిడ్నీ జబ్బు, కడుపులో పుండు; ఇవి చాలవన్నట్టు మోకాళ్లు. మోకాళ్లకు రాసుకునే తైలం కోసమే ఇక్కడికి వస్తుంది. అది లేకపోతే మంచం దిగలేదు.

గురువు నరహరిగారు వాదించలేదు. "ఈ పూట ఆవిడకు నువ్వు వండు. తినకపోతే తైలం మానేద్దాం" అన్నారు.

చిదంబరం హుషారుగా వంటింట్లోకి దూరాడు. పప్పు కడగబోతే, కిడ్నీ డాక్టరు వద్దన్నారని సన్యాసమ్మ వసారాలోంచి గుర్తుచేసింది. టమాటా, పాలకూర కూడా ఆయనే వద్దన్నారట. కారం, చింతపండు కడుపు డాక్టరు మాన్పించారు, ఉప్పు బీపీ డాక్టరు. అన్నం గుప్పెడు దాటకూడదన్నది షుగరు డాక్టరు. రోజూ నడవమన్నది ఒకరు, అడుగు వెయ్యొద్దన్నది మరొకరు. అది పొయ్యి మీద పెట్టేది కాదు కనక చిదంబరం బతికిపోయాడు. చివరికి ఉడికిన సొరకాయా, గుప్పెడు అన్నమూ మిగిలాయి. రుచి చూసి, ఎవరూ చూడకుండా దొడ్లోకి వెళ్లి ఉమ్మేశాడు.

సన్యాసమ్మ మెతుకు మిగల్చలేదు. ముద్ద ముద్దకీ నీళ్లు గుటక వేస్తూ తిని, కంచం తనే కడిగేసింది.

చిదంబరానికి గెలిచినట్టే అనిపించింది. "మనసుంటే తినగలరు కదా. రోజూ ఇలాగే తింటే ఏం పోయింది మామ్మగారూ?"

"రోజూ తింతన్నది ఇదే కద బాబూ" అందావిడ. "ఆ ముక్క తినడానికి కాదు. వాసన చూసుకుంతే ముద్ద దిగుతాది. ఇయాల లేకపోయింది, అంతే."

చిదంబరం జేబులోంచి ఆ కాగితం మడత తీసి విప్పి చూశాడు. ముక్క మీద ఎక్కడా పంటి గాటు లేదు.

నరహరిగారు అలమరలోంచి తైలం సీసా తీశారు. "ఇది నేనిస్తాలే. ముందు నీ చేతిలో ఉన్న మందు ఇచ్చెయ్" అన్నారు.