పచ్చి సున్నపు గీత

పల్నాటి సున్నపు బట్టీల పక్కన ఎర్రగుంటపాలెంలో, పని మొదలుపెట్టకముందే "అయిపోయింది" అనే నాసరయ్య ఉండేవాడు. పొయ్యి ముట్టించకుండానే అన్నం వార్చేశానని చెప్పగల మనిషి. ముందు చెప్పి, తర్వాత పరుగెత్తి చేసేవాడు కాబట్టి ఎన్నడూ దొరకలేదు. దొరకనివాడికి సిగ్గెక్కడి నుంచి వస్తుంది?

ఒక ఏడాది ఊళ్లో ఫుట్‌బాల్ క్లబ్బు పుట్టింది. పెట్టింది రాహేలమ్మ. ముప్పై ఏళ్లు డ్రిల్లు టీచరుగా చేసిన మనిషి, ఆమె నోటి ముందు విజిల్ ఎందుకూ పనికిరాదు. బట్టీల్లో రాళ్లు మోసే పదిహేనుమందిని పోగేసి జిల్లా లీగులో చేర్పించింది. నాసరయ్యకు ఆట రాదు. మైదానంలో సున్నంతో గీతలు వేయడం అతని పని. అతని బావమరిది బాలస్వామి గోల్‌కీపరు.

మొదటి సీజనంతా తన్నులే. ఏడు ఆటల్లో ఐదు ఓడిపోయారు. చివరి ఆట సొంతూళ్లో పడింది. అది డ్రా అయినా చాలు, లీగులో నిలబడతారు. ఓడితే మరుసటి ఏడు క్లబ్బు పేరే ఉండదు.

గురువారం నాడు రాహేలమ్మ అడిగింది. "ఒరే నాసరయ్యా, బట్టీ నుంచి తెచ్చిన సున్నం నీళ్లు పోసి ఉడికించావా? ఉడికి, చల్లారి, ఆరితేనే గీతలకు పనికొచ్చేది. పచ్చిది చల్లావంటే తడి తగలగానే నిప్పైపోతుంది. బట్టీవాడివి, నీకు నేను చెప్పాలా?"

"అయిపోయిందమ్మా, నిన్ననే" అన్నాడు నాసరయ్య.

ఆదివారం పొద్దున చూసుకుంటే బస్తా మూతి కూడా విప్పలేదు. ఆకాశంలో మబ్బు తునక లేదు. ఈ ఎండల్లో వానెక్కడిదిలే అనుకున్నాడు. ముక్కుకు తువ్వాలు చుట్టుకుని, పచ్చి సున్నపు గడ్డలనే సుత్తితో పొడికొట్టి గీతలు వేసేశాడు. అవి ధగధగా మెరిశాయి.

"మా అక్క ముగ్గు కూడా ఇంత తీరుగా ఉండదు బావా. వంట కూడా నేర్చుకో, ఇంట్లోనే పడి ఉండొచ్చు" అన్నాడు బాలస్వామి నవ్వుతూ.

రిఫరీ వంగి చూశాడు. "ఉడికించిన సున్నమేనా?"

"ఉడికించిందే సార్" అన్నాడు నాసరయ్య.

మొదటి సగంలో ఎవరూ గోలు కొట్టలేదు. విరామంలో పడమటి నుంచి చల్లగాలి వచ్చింది. జనం హాయిగా చొక్కాలు విదిలించుకున్నారు. నాసరయ్య ఒక్కడికే ఒళ్లు జలదరించింది. గాలి వెనకే నల్లటి మబ్బు లేచింది.

రెండో సగం ముగియడానికి పావుగంట ఉండగా, ఇంకా ఎవరికీ గోలు పడకముందే, మొదటి చినుకు పడింది. బాలస్వామి కాచే గోలుపోస్టు వెనక నిలబడ్డ నాసరయ్యకు గీత మీద 'చుయ్' మన్న చప్పుడు వినబడింది. చినుకు పడ్డచోట సన్నగా పొగ లేచింది. ఇంకో చినుకు. ఇంకో పొగ. ఇప్పుడు నోరు తెరిస్తే రిఫరీ ఆట ఆపేస్తాడు. మైదానం పాడుచేసినందుకు గెలుపు అవతలివాళ్లకే ఇచ్చేస్తారు. పదిహేనుమంది ముఖాలు చూడాలి. రాహేలమ్మ నోట్లో పడాలి. పావుగంటే కదా, గడిచిపోతే ఎవరికీ తెలియదు అనుకున్నాడు.

"ఒరే బామ్మర్దీ, కిందికి దూకమాకు. నిలబడే పట్టు!" అని లోగొంతుతో అన్నాడు.

"గోల్‌కీపర్ని బావా నేను! దూకకుండా బంతికి దండం పెట్టమంటావా?"

ఆ మాట పూర్తయ్యీ కాకుండానే బంతి దూసుకొచ్చింది. బాలస్వామి దూకాడు. బంతి చేతికి తగిలి బయటికి పోయింది. అతని ముఖం తడిసిన గీత మీద పడింది. జనం కేకలు వేశారు. బాలస్వామి లేవలేదు. రెండు చేతులతో కళ్లు మూసుకుని, గొంతు చీలేలా అరిచాడు.

రాహేలమ్మ తడి తువ్వాలుతో పరుగెత్తుకొచ్చింది. "చెయ్యి తీయరా. ఉడికిన సున్నమే, రుద్ది తుడిస్తే పోతుంది" అంది.

తువ్వాలు ముఖానికి జానెడు దూరంలో ఉంది. నాసరయ్య అడ్డం వచ్చి అరిచాడు.

"తుడవొద్దు! అది పచ్చిది! నేను ఉడికించలేదు!"

రాహేలమ్మ అతని వైపు చూడనైనా చూడలేదు. పొడి గుడ్డతో సున్నం దులిపింది. "బిందెలు తెండి! ఒకటి కాదు, ఉన్నవన్నీ!" అని అరిచింది. కళ్లు విప్పి పట్టుకుని ధార ఆపకుండా నీళ్లు పోయించింది. ఆస్పత్రికి పోయే ఆటోలోనూ పోస్తూనే ఉంది. వెనక మైదానంలో రిఫరీ విజిల్ ఊది, గెలుపు అవతలివాళ్లదని చెప్పేశాడు.

"కుడి కన్ను దక్కింది" అన్నాడు డాక్టరు. "ఎడమ కంటికి ఇక వెలుతురు తెలుస్తుంది, అంతే. తడిగుడ్డతో రుద్ది ఉంటే రెండూ పోయేవి. అసలు మొదటి చినుక్కే ఆట ఆపి ఉంటే నా దగ్గరికి వచ్చే పనే లేదు."

రాహేలమ్మ నాసరయ్య వైపు తిరిగింది. "విన్నావా? నా నోటికి భయపడి వాడి కన్ను ఇచ్చావు. నా తిట్లు అంత ఖరీదా?"

కళ్లకు కట్టుతో పడుకున్న బాలస్వామి చెయ్యి చాచి తడిమాడు. "బావా, బంతి ఆపానా?"

"ఆపావురా."

"అయితే డ్రానే. నిలబడ్డాం కదూ?"

ఆ గదిలో అబద్ధం చెప్పడం ఎంతో తేలిక. నాసరయ్య అతని చెయ్యి పట్టుకున్నాడు. "లేదురా. పోయింది. నా వల్లే పోయింది" అన్నాడు.

నీతి: చేయని పనిని చేశానని చెప్పే అబద్ధం, దాన్ని నమ్మినవాడి ఒంటినే కాలుస్తుంది. అందుకే తప్పు చేసినవాడు భయం పుట్టిన క్షణంలోనే నోరు విప్పాలి.