కనపడని ఎరుపు

పటంలోని సీతమ్మ చీరకు తాను పటిక నీళ్ళు పెట్టిందో లేదో చెంగలకు ఎంతకీ గుర్తు రావడం లేదు.

కలంకారీ పనిలో ఎరుపు అలాంటిది. మొదట దానికి రంగే ఉండదు. గుడ్డ మీద ఎక్కడ ఎరుపు కావాలో అక్కడ కలంతో పటిక నీళ్ళు పెడతారు. ఆరిపోయాక పెట్టిన చోటూ పెట్టని చోటూ ఒక్కలాగే ఉంటాయి. ఆ గుడ్డను ఏటిలో జాడించి, రంగునిచ్చే చెట్టు వేళ్ళు మరిగే కాగులో ఉడికిస్తేనే పటిక ఉన్నచోటల్లా ఎరుపు లేచి వస్తుంది. ప్రేమ కూడా అంతేనని, వేడి తగిలేదాకా లోపల ఉందో లేదో తెలియదని చెంగల ఎన్నోసార్లు అనుకుని మురిసిపోయింది. ఇవాళ ఆ మాటే ఆమెను భయపెడుతోంది.

గుహుడు సీతారాముల్ని గంగ దాటించే పటం అది. గుడివాళ్ళు మండపంలో కట్టడానికి అడిగారు. ఇంత పెద్ద గుడ్డ మొత్తాన్ని వజ్రవేలు అయ్యవారు ఒక శిష్యురాలికి వదిలేయడం ఇదే మొదలు. గీతలన్నీ చెంగలవే. నిన్న సీతమ్మ దగ్గరికి వచ్చేసరికి ఉన్నట్టుండి చినుకులు పడ్డాయి. గుడ్డ ఎత్తుకుని లోపలికి పరిగెత్తింది. అప్పటికి చీర అయిందా, కాలేదా?

మళ్ళీ పెడదామంటే, పటిక ఎక్కువైతే పక్కకు పాకుతుంది. సీతమ్మ చీర ఎరుపు గంగలోకి దిగుతుంది. ఒకసారి ఎక్కితే ఆ ఎరుపు ఇక పోదు. వదిలేద్దామంటే, పెట్టకపోయి ఉంటే చీర వెలవెలబోతుంది.

అయ్యవారు పక్కనే ఉన్నారు. అడగొచ్చు.

కానీ చేరిన కొత్తలో ఎవరో పెద్దమనుషులు వచ్చినప్పుడు ఆయన, "ఈ పిల్లకు ఒక్కసారి చెప్తే చాలు" అన్నారు. ఆ మాటను చెంగల తలలో పువ్వులా పెట్టుకుంది. అది ఎక్కడ వాడిపోతుందోనని, ఆనాటి నుంచి ఒక్క సందేహాన్ని కూడా పెదవి దాటనివ్వలేదు. అయ్యవారి గిన్నెలో పటిక నీళ్ళు లేత గులాబీ రంగులో ఎందుకుంటాయో, తన గిన్నెలో తేటగా ఎందుకుంటాయో కూడా అడగలేదు. పెద్దాయన చేతి మహిమ అనుకుంది.

"ఏం అమ్మణ్ణీ, గుడ్డ జాడించి తెస్తావా? లేకుంటే ఈ కాగులో నన్నే ముంచుకోమంటావా?" అన్నాడు పొయ్యి దగ్గర కూర్చున్న పొన్నయ్య. అతనూ శిష్యుడే, ఆమెకంటే ముందు చేరినవాడు.

చెంగల గుడ్డ భుజాన వేసుకుని ఏటిదాకా వెళ్ళింది. నీళ్ళు పాదాలకు తగిలాయి. అక్కడే కాసేపు నిలబడి, వెనక్కి తిరిగి వచ్చేసింది.

"సామీ," అంది. "సీతమ్మ చీరకు పటిక పెట్నానో లేదో నాకు తెలీడంలే."

"ఒక్కసారి చెప్తే చాలన్న బిడ్డ ఈమేనా?" అన్నాడు పొన్నయ్య.

అయ్యవారు అతని వైపు చూడలేదు. గుడ్డ పరిచి, చీపురు పుల్ల ఒకటి తీసుకుని మరిగే కాగులో ముంచారు. ముందు గుడ్డ అంచున, ఏమీ పెట్టనిచోట ఒక చుక్క వేశారు. అది మురికినీళ్ళ మరకలా ఉండిపోయింది. మళ్ళీ ముంచి, సీతమ్మ కుచ్చిళ్ళ మీద ఒక చుక్క వేశారు.

ముగ్గురూ వంగి చూశారు.

చుక్క మెల్లగా కుంకుమబొట్టయింది.

"పెట్నావులే," అన్నారు అయ్యవారు.

చెంగల ఉన్నచోటే కూలబడింది. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఎటూ ఆ మెప్పు పువ్వు రాలిపోయింది కదా, తల తేలిగ్గా ఉంది.

"ఇంకొకటి అడగనా సామీ?"

"అడుగు."

"మీ పటిక నీళ్ళు గులాబీగా ఉంటాయే, ఎందుకు?"

ఆయన లేచి, ఆకులో ఉన్న ఎర్రపొడి చిటికెడు తెచ్చి ఆమె గిన్నెలో వేసి కలిపారు. కలం ముంచి పాతగుడ్డ మీద ఒక గీత గీశారు. గీత లేతగా, స్పష్టంగా కనిపించింది.

"జాడిస్తే పోతుంది. అందాకా, పెట్టింది మన కంటికి కనపడాల గదా."

చెంగల ఆ గీతనే చూస్తూ ఉండిపోయింది. "ముందే ఎందుకు చెప్పలేదు సామీ?"

"నీకు పొడి లేకుండానే కనపడతా ఉందేమో అనుకుంటి."

పొన్నయ్య కిసుక్కున నవ్వాడు. చెంగల కూడా నవ్వింది.

అయ్యవారు నవ్వలేదు. గుడ్డ మీదికి వంగి, గుహుడి పడవ ముక్కును వేలితో తడుముతున్నారు. "గీసినకాడ్నుంచి అడగాలనుకుంటా ఉండా. పడవ ముక్కు ఇట్ల కిందికి ఎందుకు వంచినావు? నేనెప్పుడూ ఇట్ల గీయలేదే."

ఆటపట్టిస్తున్నారేమోనని చెంగల ఆయన ముఖంలోకి చూసింది. ఆయనకు నిజంగానే తెలియదు.

"రాముడు ఎక్కినాడు గదా సామీ," అంది సిగ్గుపడుతూ. "బరువుకు వంగింది గాదు. పడవ దండం పెడతా ఉంది."

అయ్యవారు ఆమె పక్కనే నేలమీద చతికిలబడ్డారు.

"ఇంకొక్కసారి చెప్పు అమ్మణ్ణీ."