మూగకోటకు తనంతట తానే వెళ్ళిన రాకుమారుడు

పిల్లలూ, ఇంకాస్త దగ్గరికి జరగండి. ఇది కొంచెం భయం వేసే కథ.

మీ తాతల తాతలు కూడా పుట్టని కాలంలో మేఘవతి అనే రాజ్యం ఉండేది. దానికి సుధన్వుడు రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు చిత్రరథుడికి మాట ఎక్కువ. నడిమివాడు హేమాంగదుడికి కోపం ఎక్కువ. చిన్నవాడు నిమికి భయం ఎక్కువ.

ఒకసారి రాజుకు జబ్బు చేసింది. కాలజిహ్వుడనే మాంత్రికుడు వైద్యుడి వేషంలో వచ్చి మందు పోశాడు. ఆ రోజు నుంచి రాజు ఎవరికీ కనిపించలేదు. "రాజుగారు విశ్రాంతి తీసుకుంటున్నారు. అందాకా రాజ్యం నేను చూస్తాను" అని మాంత్రికుడు సింహాసనం మీద కూర్చున్నాడు. కూర్చున్నవాడు మళ్ళీ లేవలేదు.

ఆ తర్వాత ఊళ్ళోకి చిలకలు వచ్చాయి. ప్రతి ఇంటి కప్పు మీదా ఒక చిలక. ఎవరేం మాట్లాడినా విని, ఎగిరిపోయి మాంత్రికుడికి అప్పజెప్పేది. "రాజుగారు ఎక్కడ?" అని అడిగినవాళ్ళు మర్నాడు కనిపించేవాళ్ళు కాదు. ఏడు సముద్రాల అవతల మూగకోట ఉందనీ, అక్కడ మనిషి గొంతులోంచి మాటను లాగేస్తారనీ జనం గుసగుసలాడేవారు. గుసగుసలాడినవాళ్ళూ మాయమయ్యేవారు. చివరికి తల్లులు జోలపాటలు పాడడం కూడా మానేశారు.

చిత్రరథుడు నిండు సభలో లేచాడు. "మా నాన్నగారు ఎక్కడ?" అన్నాడు. భటులు పట్టుకుపోయారు. హేమాంగదుడు కత్తి దూశాడు. "మా నాన్నగారు ఎక్కడ?" అన్నాడు. అతన్నీ పట్టుకుపోయారు. మాంత్రికుడు మెల్లగా నిమి వైపు తిరిగాడు.

"నువ్వేమైనా అడుగుతావా, బాబూ?"

నిమి అడగనన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

మాంత్రికుడు పకపకా నవ్వాడు. "ఈ పిరికివాడికి మూగకోట దండగ. పొలిమేర దాటించండి. వీడికి గుక్కెడు నీళ్ళిచ్చినవాళ్ళను మాత్రం కోటకు పంపించండి."

నిమి కట్టుబట్టలతో నడిచాడు. ఏ వీధిలో అడుగుపెట్టినా తలుపులు ధడాలున మూసుకున్నాయి. ఒక్కచోట మాత్రం ఒక అవ్వ అతనికేసి చూడకుండానే గోడ మీద మజ్జిగ ముంత పెట్టి లోపలికి పోయింది. నిమి గటగటా తాగాడు. కప్పు మీద చిలక రెక్కలు విదిల్చింది. ఊరి చివర నుంచి అతను వెనక్కి తిరిగి చూస్తే, అప్పటికే ఆ గుమ్మం ముందు భటులున్నారు. ఆ పూట మొదటిసారి నిమికి భయం కంటే సిగ్గు ఎక్కువైంది.

నడిచి నడిచి నేల అయిపోయిన చోటికి వచ్చాడు. ఎదురుగా సముద్రం. ఇసుకలో ఒక పెద్ద తాబేలు వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటోంది. నిమి దాన్ని తిప్పి నిలబెట్టాడు.

"చల్లగా ఉండు నాయనా. ఎక్కడికి పోతున్నావు?" అంది తాబేలు.

"మూగకోటకు పోవాలి. కానీ భయంగా ఉంది."

"నాకూ అన్నీ భయాలే. అందుకేగా ఇంత డిప్ప మోస్తున్నాను! ఎక్కు, ఇద్దరం భయపడుతూనే పోదాం."

ఒక సముద్రం నల్లగా ఉంది. ఒక సముద్రంలో అలలే లేవు. ఒక సముద్రంలో అడుగు నుంచి ఎవరో ఏడుస్తున్నట్టు వినిపించింది. అలా ఏడూ దాటాక తాబేలు చెప్పింది: "మాంత్రికుడి ప్రాణం ఆ కోటలో ఒక చిలకలో ఉంది. కానీ అక్కడ వేల చిలకలున్నాయి. వేరేదాన్ని ముట్టుకున్నావంటే వాడికి తెలిసిపోతుంది. నీ గొంతు నా డిప్ప కింద దాచి వెళ్ళు. సమయం చూసి కిటికీలోంచి రాయి వెయ్యి. నీ మాట నేను పలుకుతాను."

నిమి గొంతు దాచి, కోట తలుపు తట్టాడు. "చెరసాలకు తనంతట తానే వచ్చిన పిచ్చోణ్ణి ఇప్పుడే చూస్తున్నాం" అంటూ భటులు లోపలికి తోశారు.

లోపల వందలమంది ఉన్నా చిన్న చప్పుడైనా లేదు. అన్నలిద్దరూ ఎముకల గూళ్ళయి గోడకు ఆనుకున్నారు. నిమిని చూసి నోళ్ళు తెరిచారు. మాట రాలేదు. మజ్జిగ పోసిన అవ్వ కూడా అక్కడే ఉంది. ఆమె తలను ఒళ్ళో పెట్టుకుని కువలయ అనే నేతగత్తె కూర్చుంది. సంతలో అందరికంటే ముందు రాజు గురించి అడిగిన పిల్ల ఆమే. నిమి కళ్ళలో తెలియని వెలుగేదో కనిపెట్టి, చిలకలుండే బురుజు మెట్లు వేలితో చూపించింది.

మిట్టమధ్యాహ్నం కాపలావాళ్ళు కునుకు తీస్తుంటే ఇద్దరూ పైకెక్కారు. నిమి కిటికీలోంచి రాయి వేశాడు. కింద సముద్రంలోంచి నిమి గొంతు ఉరిమింది: "రాజుగారు ఎక్కడ?"

వింటే ఆగలేని చిలకలు! గుంపులు గుంపులుగా ఆ గొంతు వైపు ఎగిరిపోయాయి. ఒక్కటి మాత్రం కదల్లేదు. కిందికి చూసి వణుకుతూ మూలకు ముడుచుకుంది. ప్రాణభయం ఉన్నది దానికేనని గ్రహించి నిమి దాన్ని పట్టుకున్నాడు.

వెంటనే బురుజంతా పొగ కమ్మింది. మెడ పట్టుకుని రొప్పుతూ మాంత్రికుడు ప్రత్యక్షమయ్యాడు. కానీ అతని నోట్లోంచి వచ్చింది రాజు గొంతు. "నిమీ, వదిలిపెట్టు నాన్నా! నొప్పి నాకు పుడుతోందిరా!"

నిమి చేతులు సడలాయి. అది అచ్చంగా తండ్రి గొంతే. కువలయ అతని మణికట్టు గట్టిగా పట్టుకుని, మాంత్రికుడి కళ్ళకేసి చూపించింది. గొంతు బతిమాలుతోంది కానీ కళ్ళు నవ్వుతున్నాయి. నిమి కళ్ళు మూసుకుని చిలక మెడ విరిచేశాడు.

మాంత్రికుడు గుప్పెడు బూడిదయ్యాడు. ఒక్కసారిగా కోటంతా ఏడుపులు, పిలుపులు, పేర్లు! అవ్వ గొంతే అందరికంటే పైకి వినిపించింది. భటులు బరిసెలు పారేసి పారిపోయారు. తాబేలు నిమి గొంతు నిమికిచ్చేసి, విడతలు విడతలుగా అందరినీ ఒడ్డు చేర్చింది.

మందు నిద్రలోంచి లేచిన సుధన్వుడు మేఘవతిలోనే, రాజమందిరం నేలమాళిగలో దొరికాడు. జుట్టంతా తెల్లబడిపోయింది. "మేం భయం తెలియక అడిగాం నాన్నగారూ. వీడు భయపడుతూనే వచ్చాడు. కిరీటం వీడికే పెట్టండి" అన్నారు అన్నలు. అలాగే జరిగింది. నిమితో పెళ్ళికి కువలయ తన చీర తానే నేసుకుంది. పెళ్ళిలో జనం మెల్లగానే మాట్లాడుకున్నారు. అలవాటు పోలేదు మరి.

కొన్నాళ్ళకు ఒక రైతు సభలోకి దూసుకొచ్చి, "నీ మనుషులు నా పొలం నీళ్ళు మళ్ళించారు! నువ్వేం రాజువయ్యా?" అని అరిచాడు. సభ బిగుసుకుపోయింది. ఒక భటుడి చెయ్యి కత్తి మీదికి వెళ్ళింది. నిమి వణుకుతూ లేచి ఆ చెయ్యి తప్పించాడు. రైతును పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "ఇంకోసారి చెప్పన్నా. అందరికీ వినబడేలా చెప్పు" అన్నాడు.

ఆ సాయంత్రం మేఘవతిలో ఏదో ఇంట్లో ఒక తల్లి జోలపాట ఎత్తుకుంది. తర్వాత పక్కింట్లో, ఆ తర్వాత వీధంతా. నిమీ కువలయా జుట్టు నెరిసేదాకా ఆ ఊరిని అలాగే ఏలుకున్నారు. వాళ్ళు అక్కడ చల్లగా ఉన్నారు, మీరిక్కడ వెచ్చగా పడుకోండి.