అజరత్తమ్మ ఫోను

"ఊళ్ళో తిరిగేటప్పుడు బురఖా వేసుకుంటాది. కాలేజీకి పోయినాక తీసి సంచిలో పెట్టి ఫోటోలు దిగుతాది. అట్లాంటి పిల్ల గురించి షరియత్ ఏం చెప్తాది, హజ్రత్?" అని నూరుల్లా అడిగాడు. అది ఒక గురువారం సాయంత్రం. అసర్ నమాజు అయిపోయి జనం వెళ్ళిపోయారు. మసీదు మెట్ల మీద గురువు, శిష్యుడు ఇద్దరే మిగిలారు.

గురువు పేరు గఫూర్ సాబు. రాయలసీమలోని ఆ తాలూకా ఊరి నోట హజ్రత్ కాస్తా అజరత్తు అయింది కాబట్టి అందరికీ ఆయన అజరత్తే. ధర్మసందేహం అడిగితే కొందరు గురువులు కితాబు తెరుస్తారు. ఈయన ముందు అడిగినవాడి ముఖం చూస్తాడు, చాలాసార్లు అక్కడితోనే ఆగిపోతాడు. నూరుల్లా ఆయన దగ్గర మూడేళ్ళుగా చదువుకుంటున్నాడు. బస్టాండు ఎదురుగా సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు అతనిది. మంచివాడే, ఐదు పూటలా నమాజు తప్పడు, అబద్ధమాడడు. కానీ ధర్మం మీద అతనికున్న శ్రద్ధలో ముప్పాతిక వంతు ఎదుటివాళ్ళ గుడ్డల మీదే ఉండేది. ఎవరి చేతులు మోచేతి దాకా కనిపించాయి, ఎవరి పెళ్ళిలో పాటలు పెట్టారు, ఎవరి పిల్ల గోళ్ళకు రంగు వేసుకుంది, అన్నీ వాట్సాప్ గ్రూపులో పెట్టి "ఇది జాయెజా, ధర్మానికి ఒప్పుతుందా?" అని అడిగేవాడు. గురివింద గింజ తన నలుపెరగదని ఊరికే అనలేదు పెద్దలు.

అజరత్తు అతని ముఖంలోకి చూసి, "ఫోటోలు దిగుతాదని నీకెట్లా తెలుసు? చూసినావా?" అన్నాడు.

"ఇంకా చూడలేదు హజ్రత్" అనేసి నూరుల్లా నాలుక కరుచుకున్నాడు. ఆ పిల్ల పేరు తస్లీమ్. రెండు రోజుల కిందట వాళ్ళ నాయన ఆమె ఫోను మరమ్మతుకు ఇచ్చి పోయాడు. ఆమెను మసీదు కమిటీ పెద్ద, నూరుల్లా కొట్టు గది యజమాని అయిన హాజీ సత్తార్ సాబు చెల్లెలి కొడుక్కి అడుగుతున్నారు. "నిఖా మాటలు నడుస్తాండాయి. ఫోను నీ చేతిలోనే ఉందంట గదా, పిల్ల పద్ధతి ఎట్లాంటిదో ఒకసారి చూడు. రేపు సాయంత్రం వస్తా, నాకూ చూపించు" అని హాజీ ఆ పొద్దునే అతని చెవిలో వేశాడు. మతాన్ని కాపాడే పని దొరికిందని నూరుల్లా సంబరపడి సరేనన్నాడు. ఇదంతా అతను గురువుకు చెప్పలేదు. గురువూ అడగలేదు, లేచి నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కునే వుజూ నీళ్ళ తొట్టి శుభ్రం చేయడానికి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే, కొట్టు తెరిచిన కాసేపటికి, అజరత్తు వచ్చాడు. మూడేళ్ళలో ఆయన ఆ గడప తొక్కడం అదే మొదలు. జేబులోంచి చేతిగుడ్డలో చుట్టిన ఫోను తీసి బల్ల మీద పెట్టాడు.

"మా ఇంటామెది. బియ్యం కడిగే నీళ్ళల్లో పడింది. చూడు నాయనా" అన్నాడు. దాంతోపాటు మడిచిన ఒక చీటీ కూడా ఇచ్చాడు. లోపల తొమ్మిది చుక్కలు, వాటిని కలుపుతూ ఒక గీత. ఫోను తాళం అది.

నూరుల్లా అందుకోబోయి ఆగాడు. నలభై ఏళ్ళ కాపురంలో అజరత్తమ్మ పరాయి మగవాడి ఎదుటికి వచ్చింది లేదు. ఈ మూడేళ్ళలో ఆమె చేతి పలావు అతను ఎన్నిసార్లు తిన్నాడో లెక్కలేదు. గిన్నె మాత్రం ఎప్పుడూ తెర కింద నుంచే వచ్చేది. ముఖం సంగతి అటుంచి, ఆమె చెయ్యి కూడా అతను చూడలేదు.

"ఇందులో... ఫోటోలు ఏమైనా ఉన్నాయా హజ్రత్?"

"అన్నీ ఉన్నాయి. మనవరాళ్ళతో దిగినవి, కూతురికి పంపినవి. ఇంట్లో ఎట్లుంటాదో అట్లే" అన్నాడు అజరత్తు. మధ్యాహ్నం జుమా నమాజుకు తొందరగా రమ్మని చెప్పి వెళ్ళిపోయాడు.

నూరుల్లా ఫోను విప్పాడు. బోర్డును స్పిరిటులో ముంచిన బ్రష్షుతో కడిగాడు, బల్బు కింద ఆరబెట్టాడు, తుప్పు పట్టిన చోట టంకం వేశాడు. అంతవరకు చెయ్యి మామూలుగానే ఆడింది. మళ్ళీ బిగించి మీట నొక్కాక, తెర వెలగబోయే క్షణంలో ఫోనును బల్ల మీద బోర్లా తిప్పేశాడు. గ్లాసు వెనక ఎవరి ముఖం ఉంటుందో అతనికి తెలుసు. అది చూస్తే మళ్ళీ ఆ ఇంటి పలావు గొంతు దిగుతుందా?

మరి పని ఎలా పూర్తి చేయడం? బోర్లా ఉంచే తన ఫోనుతో దానికి రింగు ఇచ్చాడు. మోగింది. చార్జింగు పెట్టి మీటరు చూశాడు. ఎక్కుతోంది. తెర బాగుందో లేదో ఇచ్చేటప్పుడు సొంతదారే చూసుకుంటే సరిపోతుంది. పని అయిపోయింది. తాళం చీటీ మడత కూడా విప్పకుండా అలాగే ఉంది.

అప్పుడు తలెత్తి ఎదురుగా ఉన్న అలమారు చూశాడు. ఇరవై ముప్పై ఫోనులుంటాయి. ప్రతిదాని వెనకా అతని చేతిరాతతో ఒక అట్ట, దాని మీద పేరు, పేరు కింద తాళం. పాలకేంద్రం పద్మావతమ్మ. సుజాత టీచరు. మునెమ్మ, పూలకొట్టు. తస్లీమ్. ఆరేళ్ళుగా, పనికి కావాలని చెప్పి, అందరి దగ్గరా తాళాలు రాయించుకున్నాడు. పనికి అక్కర్లేదని ఇప్పుడు తన చేతులే చెప్పాయి. మరి దేనికి అడిగాడు? బాగయిన ఫోనులో రెండు ఫోటోలు ఇటు, రెండు అటు జరిపి చూసేవాడు. దానికి టెస్టింగ్ అని పేరు పెట్టుకున్నాడు. బురఖా వేసినవాళ్ళూ, వేయనివాళ్ళూ, ఊళ్ళో ఆడవాళ్ళంతా తన కొట్టుకు తెర లేకుండానే వచ్చారని అతనికి ఆ పూట తెలిసింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఏడుపు కూడా వచ్చింది. అలమారులోని అట్టలన్నీ ఒక్కొక్కటే పీకి చింపేశాడు. అప్పటికే బాగుచేసి ఉన్న తస్లీమ్ ఫోనును తాళం తెరవకుండా వాళ్ళ ఇంటికి తీసుకెళ్ళి, నాయన చేతికిచ్చి, తెర చూసుకోమని చెప్పి, జుమాకు పోయాడు.

సాయంత్రం హాజీ వచ్చాడు. చల్లగా కుర్చీలో కూర్చుని, "ఏదీ, చూపించు" అన్నాడు.

"ఫోను ఇచ్చేసినా సాబ్. నేనేమీ చూడలేదు."

"చూడలేదా? ఏదో చూసే దాస్తాండావు. అంటే పిల్లలో లోపం ఉందన్నమాట" అన్నాడు హాజీ గొంతు తగ్గించి.

ఈ ఒక్క మాట కొట్టు దాటితే చాలు. నిప్పు లేనిదే పొగ రాదనే ఊరు అది. చూసి చెప్పినా, చూడలేదని చెప్పినా ఆ పిల్ల పేరే బజారున పడేలా ఉంది. నూరుల్లా తన జేబులోంచి సొంత ఫోను తీసి, తాళం తెరిచి, హాజీ ముందు పెట్టాడు.

"ఆ పిల్లది లేదు గానీ నాది ఉంది సాబ్. నా పద్ధతి ఎట్లాంటిదో తీరిగ్గా చూడండి. అంతసేపు మీది నా చేతికియ్యండి, నేనూ చూస్తా."

హాజీ చెయ్యి తనకు తెలియకుండానే ఫోను ఉన్న చొక్కా జేబు మీదికి పోయింది. అక్కడే ఉండిపోయింది. ముఖం నల్లబడింది. "మంచికోసమే గదా అడిగింది?" అన్నాడు చివరికి.

"పిల్ల సంగతి తెలుసుకోవాలంటే వాళ్ళింటికి పోండి. పిల్లను అడగండి, వాళ్ళ నాయనను అడగండి. ఫోనును అడగొద్దు."

హాజీ లేచి, "ఈ షట్టరు ఎవరిదో మరిచినట్టుండావు. నెలాఖరుకు ఖాళీ చెయ్" అని చెప్పి వెళ్ళిపోయాడు. అయితే తస్లీమ్ గురించి మాత్రం ఆయన నోట, ఆ రోజు గానీ తర్వాత గానీ, ఒక్క మాట బయటికి రాలేదు. ఆ చొక్కా జేబులో ఫోను ఉన్నంతకాలం రాదు కూడా. నిఖా మాటలు ఎప్పటిలాగే నడిచాయి.

మర్నాడు నూరుల్లా అజరత్తమ్మ ఫోను తీసుకుని గురువు ఇంటికి వెళ్ళాడు. చేతిగుడ్డలో చుట్టినది చుట్టినట్టే తెర కిందికి జరిపి, "అమ్మా, పని చేస్తాంది. తెర ఎట్లుందో మీరే చూసుకోవాల" అన్నాడు.

కాసేపటికి లోపలి నుంచి, "బాగుంది నాయనా. నువ్వు చూడలేదా?" అని వినిపించింది.

"లేదమ్మా."

కాసేపటికి తెర కింద నుంచి వేడి టీ గ్లాసు వచ్చింది. ఆ గ్లాసు అందుకుంటుంటే నూరుల్లాకు కళ్ళు చెమ్మగిల్లాయి. కొట్టు పోతోంది. ఆరేళ్ళుగా అలవాటైన చోటు, గిరాకీ ఉన్న చోటు. ఇకపై బస్టాండు మెట్ల కింద బల్ల వేసుకోవాలి. ఆ సంగతంతా గురువుకు చెప్పుకున్నాడు. అజరత్తు తన టీ తాగుతూ విన్నాడు.

చివరికి నూరుల్లా ఉండబట్టలేక, "హజ్రత్, పరదా గురించి మొన్న నేనడిగిన దానికి మీరు జవాబే చెప్పలేదు" అన్నాడు.

అజరత్తు గ్లాసు కింద పెట్టి మొదటిసారి నవ్వాడు.

"ఆ పిల్లది ఆ పిల్ల చూసుకుంటాదిలే. నువ్వు మాత్రం నిన్ననే వేసుకుంటివి. కొత్తది గదా నాయనా, మొదట్లో కొంచెం బిగుతుగానే ఉంటాది."